రాతిబజారులోకి నీళ్ళొచ్చిన రోజు

అనగా అనగా, సముద్రానికి రెండు కోసుల దూరంలో ఒక పట్నం. ఆ పట్నం నడిబొడ్డున ఒక బజారు. ఇలా దగ్గరికి జరుగు చిన్నీ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఈ కథలో కాస్త భయం ఉంది. భయమేసిందనుకో, నా చెయ్యి గట్టిగా పట్టుకో. సరేనా?

ఆ బజారుని అందరూ రాతిబజారు అనేవాళ్ళు. రాతి స్తంభాలు, పైన రేకుల కప్పు. లోపల వరసగా కొట్లు. బయటికి పోవడానికి రెండే రెండు గుమ్మాలు. పడమటి గుమ్మం పెద్ద రోడ్డు మీదికి, తూర్పు గుమ్మం చేపల సందులోకి. అంతే, మూడో దారి లేదు.

లోపలికి అడుగు పెట్టగానే ముందు పసుపుకొమ్ముల వాసన వచ్చేది. ఆ తర్వాత తమలపాకుల చల్లటి వాసన. ఆ తర్వాత తడిపిన గోనెల వాసన. కళ్ళు మూసుకుని నడిచినా ఏ కొట్టు ముందున్నామో తెలిసిపోయేది. ఇప్పుడా బజారు లేదులే. పడగొట్టేసి అద్దాల మేడ కట్టారు. అందులో ఏ వాసనా రాదు.

అక్కడ బోలెడుమంది వ్యాపారం చేసుకునేవాళ్ళు గానీ, మన కథకి ముగ్గురు చాలు.

ఒకామె మస్తాన్‌బీ. గాజుల కొట్టు ఆమెది. ఎంత బిగువు గాజులైనా నొప్పి తెలియకుండా ఎక్కించేది. "చెయ్యి నాకొదిలెయ్ బేటీ, నువ్వు కబుర్లు చెప్పు" అనేది. కబుర్లు అయ్యేసరికి చేతినిండా గాజులుండేవి.

ఇంకొకాయన గవరయ్య. ఆయనది ఇత్తడి కొట్టు. లావుపాటి మనిషి, పెద్ద గొంతు. బిందె బేరానికి ఎవరైనా వస్తే, దాన్ని వేలి గోటితో టంగుమని కొట్టి, "వినండమ్మా, వినండి, ఎట్టా పలుకుతుందో" అనేవాడు.

మూడో ఆమె నాంచారమ్మ. ఆమెకి కొట్టు లేదు. మస్తాన్‌బీ కొట్టు అరుగు కింద గోనెపట్టా పరుచుకుని ఆకుకూరలు అమ్మేది. గోంగూర, తోటకూర, కొత్తిమీర. సన్నగా, నల్లగా, పొడుగ్గా ఉండేది. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు.

నాంచారమ్మది ఆ పట్నం కాదమ్మా. సముద్రం పక్కన లంక ఊరు. అంతకు ముందు ఏడాదే అక్కడ ఉప్పెన వచ్చింది.

ఉప్పెనంటేనా? పెద్ద గాలివాన వచ్చినప్పుడు సముద్రం లేచి ఊళ్ళ మీద పడుతుంది. తాటిచెట్టంత అల. అందులో నాంచారమ్మ మొగుడు పోయాడు. ఇద్దరు పిల్లలు పోయారు. ఇల్లు పోయింది, గేదె పోయింది, అసలు ఊరే లేకుండా పోయింది. అప్పుడు ఆమె నడుచుకుంటూ పట్నం వచ్చింది. మస్తాన్‌బీ చూసి, "ఈ అరుగు కింద కూర్చో" అంది. ఇంకేమీ అడగలేదు. నాంచారమ్మా ఏమీ చెప్పలేదు.

ఆ ఏడాదంతా పట్నంలో జనానికి ఒకటే భయం. తూర్పున మబ్బు పట్టిందంటే చాలు, పిల్లల్ని బళ్ళోంచి ఇంటికి తెచ్చేసుకునేవాళ్ళు. కాస్త గాలి గట్టిగా వీస్తే తలుపులు బిగించుకునేవాళ్ళు. "వస్తుందంటావా?" అని ఒకళ్ళు, "ఏమో" అని ఇంకొకళ్ళు. ఏది వస్తుందో ఎవరూ పేరు పెట్టి అనేవాళ్ళు కాదు.

అట్టా ఉండగా ఒకరోజు మధ్యాహ్నం బజారుకి ఒక కోడలొచ్చింది. కడుపుతో ఉంది, ఏడో నెల. గాజులు వేయించడానికి అత్తగారు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ కోడల్ని నేనే.

నవ్వుతావేంటి? నేనూ ఒకప్పుడు కోడల్నే. కడుపులో ఉన్నది మీ అమ్మ.

ఆ రోజు తూర్పు గుమ్మం మూసేసి ఉంది. పైన రాయి ఊగుతోందని మేస్త్రీలు పరంజి కట్టి, తలుపులకి గొలుసేశారు. అందుకని వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అందరూ పడమటి గుమ్మంలోంచే. మర్నాడు శుక్రవారం కూడానేమో, పూలకీ పళ్ళకీ వచ్చినవాళ్ళతో బజారు కిటకిటలాడుతోంది.

నేను అరుగు మీద కూర్చున్నాను. మస్తాన్‌బీ ఎడమ చేతికి ఆకుపచ్చ గాజులు ఎక్కిస్తోంది. మా అత్తగారు కనకవల్లమ్మ గారు పక్కన నిలబడి, "ఇంకో అరడజను వెయ్యి మస్తాన్‌బీ, మొదటి కాన్పు" అంటోంది.

అప్పుడు బయటెక్కడో ఒక కేక వినిపించింది. మాట తెలియలేదు. మస్తాన్‌బీ చెయ్యి ఆగింది.

రెండో కేక దగ్గర్లో వినిపించింది. "వస్తున్నాయ్! వస్తున్నాయ్!" అని. బజారులో మాటలన్నీ ఆగిపోయాయి.

మూడో కేక గుమ్మంలోనే పడింది. "సముద్రం వస్తోందర్రోయ్! పరిగెత్తండి!"

ఆ తర్వాత ఏం జరిగిందో చెబుతాను, నా చెయ్యి పట్టుకో.

అందరూ ఒక్కసారే లేచారు. బుట్టలు దొర్లాయి. పళ్ళు కాళ్ళ కింద నలిగాయి. అందరూ పడమటి గుమ్మం వైపే పడ్డారు. గవరయ్య కొట్టు వదిలేసి అందరికంటే ముందు దూకాడు. మా అత్తగారు "వకుళా!" అని నా చెయ్యి పట్టుకుని లాగింది. నేను అరుగు దిగేలోపే మా ఇద్దరి మధ్యలోకి జనం వచ్చేశారు. ఆవిడ చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. "వకుళా, వకుళా" అని వినిపిస్తూనే ఉంది, మనిషి మాత్రం కనబడలేదు.

నా వీపు మీద ఎవరిదో మోచెయ్యి తగిలింది. ముందుకి తూలాను. కింద పడితే లేవలేనని తెలుస్తూనే ఉంది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకున్నాను.

అప్పుడు అరుగు కింది నుంచి ఒక చెయ్యి వచ్చి నా కొంగు పట్టుకుని పక్కకి లాగింది. నాంచారమ్మ!

అరుగుకీ రాతి స్తంభానికీ మధ్య ఒక మూల ఉంది. అందులోకి నన్ను తోసింది. తోసి, తను నా ముందు నిలబడి, రెండు చేతులూ స్తంభానికి ఆనించి, వీపు జనానికి అడ్డం పెట్టింది. వచ్చేవాళ్ళు వచ్చినట్టే ఆమె వీపుని గుద్దుకుంటున్నారు. ఒక్కో దెబ్బకి ఆమె నోట్లోంచి "హుం" అని ఊపిరి వస్తోంది. ఆమె మొహం నా మొహానికి ఇంత దగ్గరగా ఉంది. చెమట నా మీద పడుతోంది.

"కదలమాక తల్లీ. కదలమాక" అంటోంది.

మస్తాన్‌బీ కొట్టు మీద జనం పడ్డారు. గాజుల బీరువా భళ్ళున కూలింది. గాజుపెంకుల మీద నడుస్తున్నారు, అరుస్తున్నారు. పడమటి గుమ్మంలో అరటిగెలల తోపుడుబండి ఒకటి అడ్డం తిరిగి ఇరుక్కుపోయింది. ముందున్నవాళ్ళు దాని మీద పడ్డారు. వెనకాలవాళ్ళకి అది తెలియదు, ఇంకా తోస్తున్నారు. గుమ్మం దగ్గర్నుంచి వస్తున్న ఆ అరుపులు, వద్దులే... నీకు చెప్పను.

"సముద్రమా? నిజంగానే వస్తోందా?" అని అడిగాను నాంచారమ్మని.

ఆమె తలెత్తి పైన రేకుల వంక చూసింది. చెవి ఒగ్గి వింది. "గాలేదీ?" అంది. "సముద్రం లేచే ముందు పొద్దుటేలనించీ గాలి కొడతాది తల్లీ. రేకులు ఎగిరిపోతాయి. మనిషి నిలబడలేడు. ఇయ్యాల ఎండ కాత్తంది. రేకు కదల్లేదు. అబద్ధం. ఎవరో అబద్ధం చెప్పారు."

ఆ మాట విని నాకు కాస్త ఊపిరి ఆడింది. పక్కనే అరుగు మీద ముడుచుకుని కూర్చున్న మస్తాన్‌బీ కూడా వింది. ఆమె చేతులు గాజుపెంకులకి తెగి నెత్తురు కారుతున్నాయి. "అబద్ధమేనా? యా అల్లా, అబద్ధమేనా?" అంది.

సరిగ్గా అప్పుడే నా పాదాలకి చల్లగా తగిలింది.

కిందికి చూశాను. నీళ్ళు.

మూసిన తూర్పు తలుపుల కింది సందులోంచి నీళ్ళు వస్తున్నాయి. పసుపు, పూలు, చెత్త అన్నీ తేలుకుంటూ వస్తున్నాయి. సముద్రం ఉన్నది తూర్పునే చిన్నీ. ఆ వైపునుంచే వస్తున్నాయి. ముందు పాదాలు తడిశాయి. చూస్తుండగానే చీలమండలు మునిగాయి.

"నీళ్ళు! నీళ్ళొచ్చేశాయ్!" అని ఎవరో చూసి అరిచారు. ఇక అంతే. అప్పటిదాకా కాస్త ఆగినవాళ్ళు కూడా పిచ్చిపట్టినట్టు గుమ్మం మీదికి దూకారు.

నేను నాంచారమ్మ మొహం చూశాను. అప్పటిదాకా నాకు ధైర్యం చెప్పిన మొహమే. ఇప్పుడందులో నెత్తురు చుక్క లేదు. కళ్ళు పెద్దవైపోయాయి. నీళ్ళ వంకే చూస్తోంది. స్తంభం మీద ఉన్న చేతులు కిందికి జారిపోయాయి. "మళ్ళీ వచ్చింది" అంది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "నాకోసమే మళ్ళీ వచ్చింది."

ఆమే అలా అంటే ఇంక నాకేం మిగిలింది? నా కడుపులో అంతసేపూ తన్నుతున్న మీ అమ్మ కదలడం మానేసింది. రాయిలా అయిపోయింది. "నాంచారమ్మా, నా బిడ్డ కదలడం లేదు" అన్నాను. ఏడుపు కూడా రాలేదు. మామూలుగా చెప్పినట్టు చెప్పాను.

ఆ మాట ఆమెకి ఎక్కడో తగిలింది. నా వంక చూసింది. కడుపు వంక చూసింది. ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? కిందికి వంగింది. నీళ్ళంటే భయంతో చచ్చిపోతోంది, అయినా వంగింది. దోసిలి పట్టి ఆ మురికినీళ్ళు తీసుకుని నోట్లో పోసుకుంది.

పుక్కిలించింది. ఉమ్మేసింది. మళ్ళీ ఇంకో దోసిలి నోట్లో పోసుకుంది.

"తియ్యగుండాయి" అంది. మళ్ళీ అంది. "ఉప్పు లేదు తల్లీ! సముద్రం కాదు! ఇయ్యి కుళాయి నీళ్ళు!"

మస్తాన్‌బీ అరుగు మీంచి వంగి తనూ వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. "అవును, చప్పగా ఉన్నాయి!" అని అరిచింది.

కానీ ఆ గోలలో ఆ ఇద్దరి అరుపూ ఎవరికి వినిపిస్తుంది? మూడుసార్లు అరిచారు. ఒక్కరూ తిరిగి చూడలేదు.

అప్పుడు నాంచారమ్మ ఎదురుగా ఉన్న గవరయ్య కొట్టు ఎక్కింది. గంగాళం ఒకటి పైకి లాగి బోర్లించింది. పక్కనున్న ఇత్తడి రోకలిబండ తీసుకుని రెండు చేతులా ఎత్తి కొట్టింది. బజారంతా దద్దరిల్లింది. మళ్ళీ కొట్టింది. వెనకాల వరసవాళ్ళు చెవులు మూసుకుని తిరిగి చూశారు. మూడోసారి కొట్టి అరిచింది. ఎన్నడూ పైకి లేవని ఆ గొంతు రేకుల్ని తాకింది.

"తోయమాకండి! నీళ్ళు రుచి చూడండి! ఉప్పు లేదు! ఉప్పెనలో నా వాళ్ళు ముగ్గురు పోయారు. సముద్రపు నీళ్ళు నేను తాగాను. ఇది సముద్రం కాదు! మీరు తోత్తావుంటే అక్కడ మనుషులు చచ్చిపోతన్నారు! ఎనక్కి రండి! ఎనక్కి!"

వెనక వరసలో ఒకామె వంగి నీళ్ళు నోట్లో వేసుకుంది. "తియ్యగానే ఉన్నాయర్రా" అంది. పక్కనున్న ముసలాయన చూశాడు. ఆ పక్కవాళ్ళు చూశారు. అలా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వంగుతున్నారు, చూస్తున్నారు, ముందున్నవాళ్ళ భుజం పట్టుకుని వెనక్కి లాగుతున్నారు. నాంచారమ్మ గంగాళం కొడుతూనే ఉంది. ఒక దెబ్బకి ఒక అడుగు వెనక్కి. ఇంకో దెబ్బకి ఇంకో అడుగు.

కాస్త జాగా అయ్యాక నలుగురు కలిసి తోపుడుబండిని ఎత్తి బయట పారేశారు. దాని కింద పడినవాళ్ళని ఒక్కొక్కర్నే తీశారు. గవరయ్య కాలు విరిగింది. అందరికంటే ముందు పరిగెత్తినాయనే అందరికంటే కిందున్నాడు. ఆయన పక్కనే మా అత్తగారు. మెడ కింది ఎముక విరిగి, జుట్టంతా విడిపోయి, కళ్ళు తేలేసి ఉంది. మొహాన నీళ్ళు కొడితే కళ్ళు తెరిచి, "వకుళ ఏదీ?" అంది.

లేదమ్మా, ఎవరూ చచ్చిపోలేదు. ఇంకో నాలుగు నిమిషాలు ఆలస్యమైతే చచ్చిపోయేవాళ్ళేనని ఆస్పత్రిలో డాక్టరు గారు చెప్పారు.

అసలేమైందంటే, చేపల సందు చివర భూమిలో పెద్ద నీళ్ళ గొట్టం పగిలింది. నీళ్ళు వీధిలోకి ఎగజిమ్మాయి. ఒకడు చూసి, "నీళ్ళొస్తున్నాయి" అని అరిచాడు. వాడు అబద్ధం చెప్పలేదు పాపం. రెండు వీధులు దాటేసరికి ఆ నీళ్ళు సముద్రం అయిపోయాయి. ఏడాదిపాటు భయపడుతూ బతికినవాళ్ళు కదా, ఆ ఒక్క మాట చాలింది.

గొడవంతా సద్దుమణిగాక చూస్తే, నాంచారమ్మ ఆ గంగాళం ముందే నిలబడి ఉంది. చేతిలో రోకలిబండ అలాగే ఉంది. వేళ్ళు విడిపోవడం లేదు. మస్తాన్‌బీ నెత్తురు కారుతున్న చేతుల్తోనే వెళ్ళి, ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. "చెయ్యి నాకొదిలెయ్, చెయ్యి నాకొదిలెయ్" అంటూ. విడిపోగానే నాంచారమ్మ అక్కడే కూలబడి వాంతి చేసుకుంది. ఆమె వీపు చూశాను. రవికె చిరిగిపోయి, నల్లగా కమిలిపోయి ఉంది.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. అప్పుడు కడుపులో మీ అమ్మ ఒక్క తన్ను తన్నింది.

ఆ తర్వాత రెండు నెలలకి మీ అమ్మ పుట్టింది. బాలింతని చూడటానికి చుట్టాలు, ఇరుగుపొరుగు అందరూ వచ్చారు. పదకొండో రోజు మస్తాన్‌బీ వచ్చింది. ఆమె వెనకాల నాంచారమ్మ. మస్తాన్‌బీ గబగబా లోపలికొచ్చి పిల్ల చేతులకి నల్లగాజులు తొడిగింది. నాంచారమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"రా నాంచారమ్మా, ఎత్తుకో" అన్నాను.

"వద్దు తల్లీ. ఇక్కడ్నించి చూత్తాను."

"అదేంటి? నువ్వు అడ్డం నిలబడకపోతే ఇది ఉండేదా? ఎత్తుకో."

"జారిపోద్ది" అంది.

నాకర్థం కాలేదు. తన ఊళ్ళో ఉప్పెన నాడు ఏమైందో అప్పుడు మొదటిసారి చెప్పింది. నేల వంక చూస్తూ చెప్పింది. ఆ రోజు అల వచ్చినప్పుడు ఒక చేత్తో తాటిచెట్టు పట్టుకుందట. రెండో చేతిలో చిన్నపిల్ల. దాని పేరు బంగారి. మూడేళ్ళది. "తెల్లారేదాకా పట్టుకునే ఉన్నాననుకున్నా తల్లీ. తెల్లారాక చూసుకుంటే నా చేతిలో దాని గౌనే ఉంది. ఈ చేతుల్లో పిల్లని పెట్టమాక."

మా అత్తగారు మెడకట్టుతో మంచం మీదే ఉంది. ఆవిడ మెల్లిగా లేచి కూర్చుంది.

నేను పిల్లని తీసుకుని వెళ్ళి నాంచారమ్మ ముందు కూర్చున్నాను. "నేనూ పట్టుకుంటాను. కూర్చో" అన్నాను. కూర్చుంది. నాంచారమ్మ చేతుల్లో మీ అమ్మని పెట్టి, ఆ చేతుల కింద నా చేతులు పెట్టాను. నాంచారమ్మ చేతులు ఎంత వణికాయంటే, ఆ వణుకుకి మీ అమ్మ నిద్రలేచింది. లేచి ఏడవలేదు. అలా చూస్తూ పడుకుంది.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. నా చేతులు తిమ్మిరెక్కిపోయాయి. తీయలేదు. మస్తాన్‌బీ గుమ్మంలో చతికిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. మెల్లిగా ఆ వణుకు తగ్గింది. ఇంకా తగ్గింది. ఆగింది.

అప్పుడు నాంచారమ్మ నా వంక చూసి, "ఇంక నీ చేతులు తీసెయ్ తల్లీ" అంది.

తీసేశాను.

కథ కంచి దారి పట్టింది,
కంటికి కునుకు పట్టింది;
భయము గుమ్మం దాటింది,
బుజ్జి ఒళ్ళో ఒదిగింది.